నా చెయ్యి విదిలించుకుని మరీ ఆగకుండా మా ఆయన ఛాతీ నొక్కిన తమ్ముడికి, ఆ షటిల్ కోర్టు వాళ్లందరికీ

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, ఎం.ఆర్.పల్లి. మా ఆయన నిన్న మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేశారు. రాగానే పెరుగన్నం అడిగారు, నాలుగు ముద్దలు తిని పడుకున్నారు. ఇప్పుడు పక్క గదిలో నిద్రపోతున్నారు, నేను గడప దగ్గర కూర్చుని ఆయన ఛాతీ లేస్తోందా లేదా అని నిమిషానికోసారి చూసుకుంటూ ఫోన్లో ఇది రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

పేర్లు రాయొద్దని వాళ్లే అడిగారు, అందుకే ఎవరి పేరూ రాయడం లేదు. కానీ చదివితే ఎవరి గురించో వాళ్లకు తెలుస్తుంది.

మా ఆయనకు 47 ఏళ్లు. సిగరెట్ లేదు, మందు లేదు, షుగర్ లేదు. పోయిన కార్తీకంలో అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కి కొండకు నడిచి వెళ్లాం, మోకాళ్ల పర్వతం దగ్గర నేను కూలబడితే నా సంచి కూడా ఆయనే భుజాన వేసుకుని ఎక్కారు. అలాంటి మనిషికి గుండె జబ్బు ఉంటుందని ఎవరనుకుంటారు చెప్పండి. రోజూ పొద్దున్నే అయిదున్నరకల్లా షటిల్ కోర్టుకు వెళ్తారు. ఆ ఆదివారం ఆట అయ్యాక రైతు బజారుకు, అటునుంచి తిరుచానూరులో మా పిన్ని వాళ్లింటికి వెళ్దామని నేనూ బయల్దేరాను. గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నా.

రెండో గేమ్ మధ్యలో సర్వీస్ చేయబోతూ, చేతిలో కాక్ అలాగే ఉంది, మోకాళ్ల మీదికి జారి పక్కకు ఒరిగిపోయారు. గుండె పట్టుకోవడం లేదు, నొప్పి అనడం లేదు, నా వైపు చూడడం కూడా లేదు. వాట్సాప్‌లో తిరుగుతుంటుంది కదా, గుండెపోటు వస్తే గట్టిగా దగ్గండి అని. దగ్గడానికి ఆ మనిషికి స్పృహ ఉంటే కదా!

అందరూ పరిగెత్తుకొచ్చారు. ఫిట్స్ అయ్యుంటుంది తాళాలు చేతిలో పెట్టమన్నారు ఒకరు, ముఖాన నీళ్లు కొట్టమన్నారు ఇంకొకరు, జేబులోంచి గుండెనొప్పికి వేసుకునే సార్బిట్రేట్ మాత్ర తీసి నాలుక కింద పెట్టబోయారు ఇంకో పెద్దాయన. బయట ఆటో ఉంది ఎత్తండి ఎత్తండి అని నేనే అరిచాను. ఎవరినీ తప్పు పట్టడం లేదు, అందరూ మంచికే అన్నారు. ఆ నిమిషంలో మాకు తెలిసింది అంతే.

అప్పుడు పక్క కోర్టులోంచి వచ్చావు చెల్లెమ్మా నువ్వు. బీఎస్సీ నర్సింగ్ చదువుతున్నావని తర్వాత తెలిసింది. ఆయన భుజాలు తట్టి "అంకుల్, అంకుల్" అని గట్టిగా పిలిచి, వంగి ఛాతీ వైపు చూశావు, పది సెకన్లు కూడా పట్టలేదు. గుర్రుమని చప్పుడు వస్తుంటే "ఊపిరి ఉందమ్మా, గురక పెడుతున్నాడు" అన్నారెవరో. "అది ఊపిరి కాదన్నా, ఎగశ్వాస. గుండె ఆగిపోయింది" అన్నావు. ఆ మాట చెవిన పడగానే నాకు కాళ్ల కింద నేల లేదు. నువ్వు మాత్రం అందరికీ కలిపి చెప్పకుండా ఒక్కొక్కరికి వేలు చూపించి చెప్పావు. మీరు 108కి చెయ్యండి, స్పీకర్ ఆన్ చెయ్యండి. మీరు ఆ గోడ మీది డబ్బా తీసుకురండి. మీరు బైపాస్ మలుపు దగ్గర నిలబడి అంబులెన్సుకు చెయ్యి ఊపండి. ఎత్తొద్దు, ఆటో వద్దు, తల కింద ఏమీ పెట్టొద్దు, నోట్లో ఏమీ వెయ్యొద్దు.

నువ్వు ఇవన్నీ చెబుతుండగానే, కోర్టు చూసుకునే తమ్ముడు, నెట్లు కట్టి, ఊడ్చి, రాకెట్లకు గట్టింగ్ వేసే ఆ అబ్బాయి, మా ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఛాతీ మధ్యలో ఒక అరచేతి మడమ, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా నొక్కడం మొదలుపెట్టాడు. పైకే లెక్కపెడుతూ. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలట, ప్రతిసారీ అయిదు సెంటీమీటర్లు లోపలికి దిగాలట, మళ్లీ ఛాతీ పూర్తిగా పైకి రానివ్వాలట. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పుడు నా కళ్లకు కనిపించింది ఒక్కటే, నా మొగుడి ఛాతీ పరుపులా లోపలికి కుంగుతోంది. ఇంతలో లోపల టక్‌మని చప్పుడు వినిపించింది.

ఆ చప్పుడుకు నేను తట్టుకోలేకపోయాను. తమ్ముడి చెయ్యి పట్టుకుని గట్టిగా వెనక్కి లాగాను. "చంపేస్తావా, వదలరా" అన్నాను. అరే అన్నాను, ఒరే అన్నాను, ఇంకా ఏమన్నానో నాకే గుర్తులేదు. తమ్ముడూ, నువ్వు నా చెయ్యి విదిలించుకున్నావు. లెక్క ఆపకుండానే, పదిహేడు పద్దెనిమిది మధ్యలో, "ఎముకలు అతుక్కుంటాయక్కా" అన్నావు, అంతే, పంతొమ్మిది ఇరవై అని మళ్లీ నొక్కుతున్నావు. నీ చెమట ఆయన మెడ మీద పడుతోంది.

తమ్ముడూ, అందరి ముందూ నిన్ను తిట్టాను కాబట్టి అందరి ముందే అడుగుతున్నాను, నన్ను క్షమించు. రెండు పక్కటెముకలకు పగుళ్లు వచ్చాయి, నిజమే. సరిగ్గా నొక్కితే అలా జరగడం మామూలేనని, ఆరు వారాల్లో అతుక్కుంటాయని డాక్టర్ గారు చెప్పారు. నువ్వు ఆస్పత్రికి వచ్చి కూడా లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడి ఎముకల సంగతి అడిగి వెళ్లిపోయావని సెక్యూరిటీ ఆయన చెబితే నాకు దుఃఖం ఆగలేదు. నువ్వు నా మాట విని ఆగిపోయి ఉంటే నేనిప్పుడు ఈ గడపలో ఇలా కూర్చుని ఉండేదాన్ని కాదు.

గోడ మీది డబ్బా వచ్చింది. ఏఈడీ అంటారు దాన్ని, ఆగిన గుండెకు షాక్ ఇచ్చే మెషిన్. టిఫిన్ క్యారియర్ సంచి అంత ఉంటుంది. మూత తియ్యగానే అదే మాట్లాడడం మొదలుపెట్టింది, ఇంగ్లీషులో. చెల్లెమ్మ ఒక్కొక్క మాటా తెలుగులో చెబుతూ చేసింది. అందులోని కత్తెరతో టీషర్టు నిలువునా కోసేశారు. ఒంటి నిండా చెమట, షాక్ ఇవ్వడానికి ఛాతీకి అంటించే ప్యాడ్లు తడి మీద అంటుకోవు కదా, తమ్ముడి మెడలో ఉన్న నీలం గళ్ల టవల్ లాగి ఛాతీ అంతా గట్టిగా తుడిచారు. రుద్రాక్ష మాల పక్కకు జరిపారు. ఒక ప్యాడ్ కుడి వైపు మెడ ఎముక కింద, రెండోది ఎడమ చంక కింద పక్కగా. ఎక్కడ అంటించాలో ప్యాడ్ మీదే బొమ్మ వేసి ఉంది. అది అంటించేంతసేపూ తమ్ముడు నొక్కుతూనే ఉన్నాడు.

తర్వాత మెషిన్ "ఎవరూ ముట్టుకోవద్దు" అంది. అందరూ జరిగారు. నేను ఎప్పుడు పట్టుకున్నానో తెలియదు, ఆయన ఎడమ పాదం రెండు చేతుల్తో పట్టుకుని ఉన్నాను. సాక్స్ తడిగా ఉంది, బొటనవేలు దగ్గర చిన్న చిల్లు, కుట్టాలని వారం నుంచీ అనుకుంటున్నా. "అక్కా, కాలు వదలండి." వదల్లేదు. "మీరు వదిలితేనే బతుకుతాడక్కా, వదలండి." వదిలాను. చెల్లెమ్మ ఒకసారి చుట్టూ అందరి చేతులూ చూసి బటన్ నొక్కింది. సినిమాల్లోలా ఎగిరిపడడం లేదు, ఒళ్లు ఒక్కసారి బిగుసుకుని వదిలింది. వెంటనే మళ్లీ నొక్కుడు. లేచాడా లేదా అని ఆగి చూడడం కూడా లేదు. రెండు నిమిషాలకు మెషిన్ మళ్లీ అందరినీ జరగమంది, మళ్లీ షాక్. ఈసారి చెల్లెమ్మ నొక్కింది, తమ్ముడు పక్కన కూర్చుని ఆయాసపడుతున్నాడు. ఒక్కళ్లే నొక్కుతూ పోతే అలసిపోయి లోతు తగ్గిపోతుందట, అందుకని రెండు నిమిషాలకోసారి మారాలి.

మూడోసారి మెషిన్ చూసేలోపే మా ఆయన చెయ్యి కదిలింది. చెల్లెమ్మ చెయ్యి తోసెయ్యబోయారు. ఊపిరి, నిజమైన ఊపిరి, కనిపించింది. పక్కకు తిప్పి పడుకోబెట్టారు, ప్యాడ్లు పీకలేదు, మెషిన్ ఆపలేదు. 108 వచ్చేసరికి ఆయన మూలుగుతున్నారు. ఆ మూలుగు నాకు సుప్రభాతం కంటే ఎక్కువ.

కోర్టులో సీసీ కెమెరా ఉంది. ఆయన పడినప్పటి నుంచి మొదటి షాక్ దాకా 3 నిమిషాల 50 సెకన్లని వాళ్లు చూసి చెప్పారు. నేను మాత్రం ఆ వీడియో చూడలేదు, చూడను.

స్విమ్స్‌లో డాక్టర్ గారు కాగితం మీద గీసి మరీ చెప్పారు. గుండె రక్తనాళం ఒకటి మూసుకుపోయి, దానివల్ల గుండెలోని కరెంటు గందరగోళమై, గుండె కొట్టుకోవడం మానేసి ఊరికే వణుకుతూ ఉండిపోయిందట. వణికే గుండె రక్తాన్ని తోయలేదు. మెదడుకు రక్తం ఆగితే నాలుగైదు నిమిషాలకే దెబ్బ మొదలవుతుంది. చేత్తో నొక్కడం వల్ల ఆ కాసింత రక్తం పైకి వెళ్తుంది, షాక్ ఆ వణుకును ఆపి గుండె తన లయ తాను అందుకునే వీలు ఇస్తుంది. నొక్కేవాళ్లు లేకుండా షాక్ ఆలస్యమయ్యే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం ఏడు నుంచి పది శాతం దాకా తగ్గుతూ పోతుందట. నేను ఆటో ఎక్కించమన్న మాట గుర్తొచ్చి అక్కడే బల్ల మీద తల పెట్టుకున్నాను. ఎంత దగ్గరి ఆస్పత్రి అయినా, ఆటో వెనక సీట్లో మనిషిని మడతపెట్టి పడుకోబెడితే దారిలో నొక్కేదెవరు?

నేను ఇంకో భయం కూడా అడిగాను, మామూలుగా కళ్లు తిరిగి పడినవాళ్లకు పొరపాటున ఆ షాక్ ఇస్తే ఏం కాను అని. మెషిన్ గుండె లయ చూసి, అవసరం ఉంటేనే ఇస్తుందట, లేకపోతే మనం బటన్ నొక్కినా ఇవ్వదట.

మూసుకుపోయిన ఆ రక్తనాళంలో స్టెంట్ వేశారు. మొదటి రెండు రోజులు ఆయనకు ఏదీ బుర్రలో నిలవలేదు, "నేనెక్కడున్నా, గేమ్ ఎవరు గెలిచారు" అని పది నిమిషాలకోసారి అదే ప్రశ్న. ప్రతిసారీ మొదటిసారి అడిగినట్టే నవ్వుతూ జవాబు చెప్పిన ఐసీయూ సిస్టర్‌కు నా దండాలు. ఆ ఆదివారం మాత్రం ఆయనకు ఇప్పటికీ గుర్తు లేదు.

ఇక ఆ డబ్బా సంగతి. మూడేళ్ల కింద అదే కోర్టులో వీళ్ల స్నేహితుడొకరు ఇలాగే పడిపోయారు. అప్పుడు ఎవరికీ ఏమీ తెలియదు, అందరూ కలిసి ఎత్తి ఆటోలో వేసి తీసుకెళ్లారు, ఆయన దక్కలేదు. సంవత్సరీకానికి ఆయన పేరున భోజనాలు పెడదామనుకుని కూర్చున్నప్పుడు ఆయన భార్యే అన్నారట, భోజనాలు వద్దన్నా, ఆ మెషిన్ ఏదో ఉందట కదా అది కొనండి అని. తలా ఇంత వేసుకుని కొన్నారు. షోకు కొన్నారని కొందరన్నారు, ఎవడైనా ఎత్తుకుపోతాడు తాళం వెయ్యమని ఇంకొందరన్నారు. తమ్ముడు తాళం వెయ్యనివ్వలేదు. రోజూ పొద్దున షట్టర్ తియ్యగానే ముందు దాని మీద ఆకుపచ్చ లైటు వెలుగుతోందా చూసి, ఆ తర్వాతే చీపురు పట్టుకుంటాడట. మెషిన్ వచ్చిన రోజు ఒక పూట నేర్పించిన దాన్ని నెలకోసారి దిండు మీద నొక్కి చూసుకునేవాడట. ఆ మెషిన్ కొనమన్న అక్కను నేను మొన్న వెళ్లి కలిశాను. ఇద్దరం ఎక్కువ మాట్లాడుకోలేదు. కాఫీ ఇచ్చింది, నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

108కి ఫోన్ చేసి గుర్తులు ఒక్కొక్కటీ స్పష్టంగా చెప్పిన అన్నకు, బైపాస్ మలుపులో చెప్పుల్లేకుండా నిలబడి చెయ్యి ఊపిన రిటైర్డ్ మాస్టారికి, 108 సిబ్బందికి, నన్ను ఆస్పత్రికి తీసుకొచ్చి రాత్రి దాకా అక్కడే ఉండి రూపాయి తీసుకోని ఆటో అన్నకు, స్విమ్స్ డాక్టర్లకు, మా పిల్లాడిని నాలుగు రోజులు తమ ఇంట్లో పెట్టుకున్న కింది వాటా అక్కకు, అందరికీ చేతులెత్తి మొక్కుతున్నాను.

ఆ ప్యాడ్లు ఒకసారి వాడితే మళ్లీ పనికిరావు, వాడకపోయినా గడువు తేదీ ఉంటుంది. కొత్త సెట్టు నేను కొనిచ్చాను, దయచేసి దాని డబ్బులు నాకు ఇవ్వబోకండి. వచ్చే ఆదివారం ఆరు గంటలకు చెల్లెమ్మ వాళ్ల కాలేజీ నుంచి ఛాతీ నొక్కి నేర్చుకునే మనిషి బొమ్మ తెచ్చి కోర్టులోనే ఇదంతా నేర్పిస్తానంది. ఆడేవాళ్లే కాదు, నాలాగా పక్కన కుర్చీలో కూర్చునేవాళ్లు కూడా రండి. నోట్లో గాలి ఊదాలేమో అని మొహమాటపడకండి, పెద్దవాళ్లు ఇలా కళ్ల ముందే పడిపోతే నేర్చుకోని వాళ్లు ఛాతీ నొక్కితే చాలు. నీళ్లలో మునిగినవాళ్లకు, పిల్లలకు మాత్రం ఊపిరి కూడా కావాలి, అది ఎలాగో ఆ రోజు చూపిస్తుందట. నేను మొన్న దిండు మీద ప్రయత్నించాను. రెండు నిమిషాలకే భుజాలు లాగేశాయి. నువ్వు ఎంత బలం పెట్టావో అప్పుడు తెలిసింది తమ్ముడూ.

నీ నీలం గళ్ల టవల్ నా దగ్గరే ఉంది. ఆస్పత్రి సంచిలో ఆయన చిరిగిన టీషర్టుతో పాటు వచ్చింది. ఉతికి, ఆరేసి, మడతపెట్టి బీరువాలో ఉంచాను. ఆదివారం తెచ్చిస్తాననుకున్నాను కానీ, మా ఆయన తానే నీ చేతికి ఇస్తానంటున్నారు. ఆయన్ను ఇంకా మెట్లు దిగనివ్వడం లేదు, కాబట్టి నువ్వే ఒకసారి ఇంటికి రా. ఈసారి గేటు దగ్గర నిలబడకు.