ఉచిత వినికిడి శిబిరాల ప్రకటనల్లో కనిపించని వివరాలు

సంపాదకులకు నమస్కారం.

‘ఉచిత వినికిడి పరీక్ష, చెవి మిషన్లపై సగం ధర తగ్గింపు, మూడు రోజులు మాత్రమే’ అనే తరహా ప్రకటనలు మీ పత్రిక జిల్లా పేజీల్లో తరచుగా కనిపిస్తున్నాయి. పెద్దవాళ్లకు చెవి మందగించిన ఇళ్లలో ఆ ప్రకటనను కత్తిరించి దాచుకుని, గడువు దాటిపోతుందన్న తొందరలో వెళ్లి, వేలల్లో, ఒక్కోసారి లక్షల్లో చెల్లించి మిషను తెచ్చుకోవడం మా పట్టణంలో మామూలైపోయింది. ఆ ప్రకటనల్లో ధర ఉంటుంది, చెవిలో దాగిపోయేంత చిన్న మిషను బొమ్మ ఉంటుంది. పరీక్ష ఎవరు చేస్తారో, ఏమేమి చేస్తారో, మిషను అమర్చిన తరువాత దాన్ని సరిచేసే బాధ్యత ఎవరిదో మాత్రం ఉండదు. కొనబోయేవారు మొదట అడగవలసినవి ఇవే కనుక, వీటి గురించి నాకు తెలిసినంతవరకు వివరించి, చివర పత్రికకు ఒక విన్నపం చేయదలిచాను.

చెవి సరిగా వినపడడం లేదనిపించినప్పుడు మొదట వెళ్లవలసింది చెవి, ముక్కు, గొంతు వైద్యుల దగ్గరికి. గులిమి గట్టిపడి అడ్డుపడడం, మధ్య చెవిలో నీరు చేరడం, కర్ణభేరికి చిల్లు పడడం వంటివి మందుతోనో శస్త్రచికిత్సతోనో నయం కావచ్చు. అటువంటి చెవికి ముందే మిషను తగిలించడం వల్ల డబ్బు ఖర్చవుతుంది తప్ప జబ్బు తగ్గదు. చీము కారడం, తల తిరగడం, ఒక్క చెవికి మాత్రమే వినికిడి తగ్గడం ఉంటే వైద్యుని చూడకుండా మిషను మాటే ఎత్తకూడదు. ముఖ్యంగా, నిన్నటిదాకా బాగున్న చెవి ఉన్నట్టుండి రెండు మూడు రోజుల్లో మూసుకుపోతే దాన్ని అత్యవసర పరిస్థితిగా భావించాలి. స్టెరాయిడ్ చికిత్స మొదటి కొద్ది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లోపు మొదలైతేనే వినికిడి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ. జలుబు చేసిందేమో, అదే సర్దుకుంటుందిలే అని నెల రోజులు ఊరుకునేవారు చాలామంది ఉన్నారు.

వైద్యుని పరీక్ష తరువాత ఆడియాలజిస్టు (వినికిడిని పరీక్షించి, మిషను అమర్చే నిపుణులు) చేసే అసలు పరీక్ష బయటి శబ్దం చొరబడని గదిలో జరగాలి. హెడ్‌ఫోన్లు పెట్టి, ఒక్కొక్క చెవికి విడివిడిగా, 250 హెర్ట్జ్ బొంగురు ధ్వని మొదలు 8000 హెర్ట్జ్ కీచు ధ్వని వరకు వినిపిస్తారు. ఎంత సన్నగా వినపడినా సరే చెయ్యి ఎత్తాలి, లేదా మీట నొక్కాలి. వినపడినప్పుడల్లా 10 డెసిబెల్స్ (ధ్వని బలానికి కొలత) తగ్గిస్తూ, వినపడనప్పుడు 5 చొప్పున పెంచుతూ, ఆ చెవి అందుకోగల అతి సన్నని ధ్వని ఏదో తేలుస్తారు. ఊహించి చెయ్యి ఎత్తితే ఫలితం తప్పుతుంది కనుక, వినపడకపోతే ఊరుకోవడమే మంచిదని ఇంట్లోవాళ్లు పెద్దవాళ్లకు ముందుగా చెప్పి తీసుకువెళ్లాలి. ఆ తరువాత చెవి వెనుక ఎముకకు ఒక చిన్న కంపన పరికరం ఆనించి అదే పరీక్ష మళ్లీ చేస్తారు. గాలి ద్వారా, అంటే హెడ్‌ఫోన్లతో, తక్కువగా, ఎముక ద్వారా బాగా వినపడితే లోపం బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉన్నట్టు; రెండు విధాలా ఒకేలా తగ్గి ఉంటే లోపలి చెవిలోనో నాడిలోనో ఉన్నట్టు. ఒక చెవిని పరీక్షిస్తుండగా రెండో చెవిలో హోరు వినిపించడం కూడా పరీక్షలో భాగమే. బాగున్న చెవి మధ్యలో జోక్యం చేసుకోకుండా దాన్ని అలా తీరిక లేకుండా ఉంచుతారు. చెవిలో మెత్తని గొట్టం పెట్టి, గాలి ఒత్తిడిని మార్చుతూ కర్ణభేరి కదలికను కొలిచే పరీక్ష నిమిషాల్లో అయిపోతుంది. వీటిలో ఏదీ నొప్పి పెట్టదు.

ఫలితమంతా ఆడియోగ్రామ్ అనే ఒక్క కాగితంపై గీతలుగా వస్తుంది. కుడి చెవికి ఎర్రని సున్నాలు, ఎడమ చెవికి నీలి రంగు గుణకార గుర్తులు వేస్తారు. గీత ఎంత కిందికి దిగితే వినికిడి అంత తగ్గినట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నివేదిక లెక్కలో, చెవి అందుకోగల అతి సన్నని ధ్వనుల సగటు 20 డెసిబెల్స్ లోపు ఉంటే సాధారణం, 35 దాటితే మధ్యస్థం, 65 దాటితే తీవ్రం. అమ్మకందారులు ‘మీకు నలభై శాతం పోయింది’ అని చెప్పే శాతాలకు ఈ కాగితంలో చోటు లేదు. డెసిబెల్ శాతం కాదు; ప్రతి పది డెసిబెల్స్ పెరుగుదలకు ధ్వని శక్తి పది రెట్లవుతుంది. శాతాల లెక్క సదరం వంటి వైకల్య ధ్రువపత్రాల కోసం అధికారిక వైద్యులు కట్టేది. నలభై శాతం అనే మాట విని కంగారుపడి సంతకం పెట్టేవారు, ఆ నలభై ఏ లెక్కనో ఒక్కసారి అడగడం మంచిది.

ఇక శిబిరాల విషయం. మా పట్టణంలో ఒక శిబిరం కల్యాణమండపం పక్కగదిలో, తలుపులు తెరిచి, ఫ్యాన్లు తిరుగుతుండగా జరిగింది. అటువంటి చోట ఫ్యాను హోరూ జనం మాటలూ బలం తక్కువున్న ధ్వనులను, ముఖ్యంగా బొంగురు ధ్వనులను, మింగేస్తాయి. అందువల్ల ఉన్నదానికంటే వినికిడి ఎక్కువగా తగ్గినట్టు కాగితం మీద కనపడుతుంది. ఎముక ద్వారా చేసే పరీక్ష లేకపోతే మందుతో తగ్గే లోపానికీ, తగ్గని లోపానికీ తేడా తెలియదు. పైగా పరీక్ష ఉచితమంటూ ఆడియోగ్రామ్ కాపీ చేతికివ్వని చోట్లు కూడా ఉన్నాయి. ఉచితమైనా, డబ్బిచ్చినా ఆ కాగితం పరీక్ష చేయించుకున్నవారిదే. అది లేకుండా మరొకరి అభిప్రాయం అడగడం ఎలా కుదురుతుంది?

చాలామంది పెద్దవాళ్లు చెప్పే ఫిర్యాదు ఒకటుంది: ‘వినపడుతుంది గానీ అర్థం కావడం లేదు.’ ఇది చాదస్తం కాదు. వయసుతో మొదట దెబ్బతినేది కీచు ధ్వనులు పట్టే శక్తి. అచ్చుల బలం బొంగురు స్థాయిల్లో ఉంటుంది; స, శ, త, క, ప వంటి హల్లులను వేరుచేసే సూచనలు చాలావరకు కీచు స్థాయిల్లో, బలహీనంగా ఉంటాయి. మన మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి కనుక మాట చివర చక్కగా వినపడి, మొదలు మాత్రం జారిపోతుంది. ‘పాలు’ అంటే ‘కాలు’ అని వినపడి, ఇంట్లో విసుగూ నవ్వులాటా మొదలవుతాయి. అందుకే ధ్వనులతో పాటు మాటలతో చేసే పరీక్ష కూడా ఉంటుంది. తెలుగు పదాలు వినిపించి, విన్నట్టుగా తిరిగి చెప్పమంటారు. శబ్దం తగినంత పెంచినా మాటలు తప్పుగానే చెబుతుంటే, మిషను పెట్టినా ఫలితం పరిమితంగానే ఉంటుందని ముందే తెలుస్తుంది. తెలుగు తప్ప మరో భాష రాని అమ్మమ్మకు ఇంగ్లిషు పదాలు వినిపిస్తే ఆ పరీక్షకు అర్థం లేదు. తెలుగు పదాల పట్టిక ఉందా అని అడిగే హక్కు మనకుంది.

మిషను ఎంపికలో మన సిగ్గు మనకు శత్రువు. చెవిలో పూర్తిగా దాగే రకాన్నే అందరూ కోరుకుంటారు, వ్యాపారులు దాన్నే ముందుకు తోస్తారు. తీవ్రంగా తగ్గిన వినికిడికి ఆ చిన్న మిషను శక్తి సాధారణంగా చాలదు. వేళ్లు వణికే డెబ్బై ఏళ్ల మనిషి దాని బటన్ బ్యాటరీ మార్చలేరు. గులిమి పట్టి త్వరగా పాడవుతుంది కూడా. చెవి వెనుక పెట్టుకునే రకం కాస్త కనపడుతుంది, కానీ పట్టుకోవడం, తుడవడం, మార్చడం తేలిక. రెండు చెవులూ తగ్గినవారికి రెండు మిషన్లు ఉంటేనే మాట ఎటునుంచి వస్తోందో తెలుస్తుంది, గోలలో మాట పట్టుకోవడం కొంత సులువవుతుంది. స్థోమత లేక ఒక్కటే కొనవలసి వస్తే, ఏ చెవికి ఎందుకు పెడుతున్నారో ఆడియోగ్రామ్ చూపించి చెప్పమనాలి.

అమర్చడం అంటే చెవికి తగిలించి పంపడం అనుకుంటే పొరపాటు. చెవి వెనుక రకానికి మౌల్డ్ (చెవి ఆకారానికి సరిపోయేలా చేసే తొడుగు) అవసరమైతే, చెవి లోపల చిన్న స్పాంజి అడ్డుపెట్టి, మెత్తని ముద్ద నింపి అచ్చు తీస్తారు; మౌల్డ్ వదులైతే మిషను ఈల వేస్తుంది, బిగుతైతే పుండు పడుతుంది. తరువాత కంప్యూటరుకు కలిపి, ఏ స్థాయి ధ్వనిని ఎంత పెంచాలో ఆడియోగ్రామ్ ప్రకారం లెక్క కట్టి పెడతారు. ఈ లెక్క సగటు చెవికి వేసినది. చెవి గొట్టం పొడవు, వెడల్పు మనిషి మనిషికీ మారతాయి కనుక, అదే అమరిక ఒకరికి చాలదు, మరొకరికి ఎక్కువవుతుంది. దీన్ని సరిచూడడానికి ఒక సన్నని గొట్టాన్ని కర్ణభేరి దగ్గరగా ఉంచి, మిషను పెట్టిన చెవిలోకి నిజంగా ఎంత ధ్వని చేరుతోందో కొలిచే పద్ధతి ఉంది. పట్టేది కొద్ది నిమిషాలే. దాని యంత్రం లేని చోట, ఉన్నా వాడని చోట లక్ష రూపాయల మిషను కూడా అంచనాతోనే నడుస్తుంది. ఖరీదు పెరిగిన కొద్దీ వినికిడి పెరుగుతుందని నమ్మించే ప్రకటనలపై నా ప్రధాన అభ్యంతరం ఇదే: మధ్యరకం మిషను సరిగా కొలిచి అమర్చితే చేసే మేలు, అంచనాతో అమర్చిన ఖరీదైన మిషను చేయదు.

కళ్లద్దాలు పెట్టుకోగానే అక్షరాలు తేటపడినట్టు చెవి విషయంలో జరగదు. మొదటి రోజుల్లో తన గొంతే తనకు బొంగురుగా, పెద్దగా వినపడుతుంది. గిన్నెల చప్పుడు, కాగితం చప్పుడు, కుక్కరు కూత చిరాకు పెడతాయి. ఏళ్ల తరబడి ఆ శబ్దాలు అందని మెదడు వాటిని మళ్లీ అలవాటు చేసుకోవడానికి వారాలు పడుతుంది. మొదట నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో రోజుకు కొద్ది గంటలు పెట్టుకుని, క్రమంగా పెంచుకుంటూ, ఏ శబ్దం ఇబ్బంది పెడుతోందో గుర్తు పెట్టుకుని వెళ్లి సరిచేయించుకోవాలి. ఈ సరిచేసే సందర్శనలు లేని చోటే మిషన్లు బీరువా చేరతాయి. మా అమ్మగారి మొదటి మిషను కూడా అలా బీరువాకే చేరింది. అమ్మినవారు నెల తిరిగేసరికి దుకాణం ఎత్తేశారు. పెళ్లిమండపంలో, బజారులో ఎంత మంచి మిషనుతోనైనా కష్టమేనని కూడా ఇంట్లోవాళ్లు గ్రహించి, పక్కగదిలోంచి కేక వేయకుండా, దగ్గరికి వచ్చి ముఖం కనపడేలా నిదానంగా మాట్లాడాలి.

పేద వృద్ధులకు మిషన్లు ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మన నెల్లూరులోనే మొదలైంది. వికలాంగులకు కేంద్రం ఏడిప్ అనే సహాయ పరికరాల పథకం కింద కూడా ఇస్తోంది. పంపిణీ రోజున ఫోటోలు దిగడంతో సరిపెట్టకుండా, తీసుకున్నవారు తిరిగి వెళ్లి సరిచేయించుకునేందుకు జిల్లా ఆసుపత్రిలో ఆడియాలజిస్టు ఉండేలా ప్రభుత్వాలు చూడాలి. హైదరాబాదు కోఠి ఆసుపత్రికో విశాఖ ఆసుపత్రికో ప్రతిసారీ ప్రయాణం చేసే ఓపిక ఆ వయసువారికి ఉండదు.

భారత పునరావాస మండలి చట్టం 1992లో వచ్చింది. ఆడియాలజిస్టులు ఆ మండలిలో నమోదై ఉండాలి, వారికి నమోదు సంఖ్య ఉంటుంది. కనుక మీ పత్రికకు నా విన్నపం ఇది: వినికిడి శిబిరాల ప్రకటనలు స్వీకరించేటప్పుడు, పరీక్ష చేసేవారి పేరు, నమోదు సంఖ్య, శబ్దం చొరబడని గది ఉందో లేదో, ఆడియోగ్రామ్ కాపీ ఇస్తారో లేదో, అమర్చిన తరువాత ఎంతకాలం ఉచితంగా సరిచేస్తారో, నచ్చకపోతే తిరిగి తీసుకునే గడువు ఎంతో ప్రకటనలోనే రాయించండి. రాయడానికి ఒప్పుకోని ప్రకటనను తిరస్కరించండి. దీనితో పాటు, ఒక ఆదివారం సంచికలో ఆడియోగ్రామ్ బొమ్మ వేసి, దాన్ని చదివే పద్ధతిని నమోదైన ఆడియాలజిస్టు ఒకరి చేత రాయించి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు, ఏలూరు