హాస్టల్ సీటు దొరకని విద్యార్థికి గది అద్దె ఇవ్వండి

తెలంగాణ రాష్ట్ర వెనుకబడిన తరగతుల సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

నేను హైదరాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. స్కాలర్‌షిప్ దరఖాస్తుల పని కూడా నాకే అప్పగించారు కాబట్టి పిల్లల ఆదాయ ధ్రువపత్రాలు, పాస్‌బుక్కులు, బోనఫైడ్లు నా చేతుల మీదుగానే పోతాయి. అడ్మిషన్లు మొదలైన రోజు నుంచి నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న "మేడం, హాస్టల్ ఉంటదా?" అని. దొరక్కపోవచ్చు అంటే వెంటనే ఇంకో ప్రశ్న వస్తుంది. "మరి బయట రూము తీసుకుంటే గవర్నమెంటు ఏమన్నా ఇస్తదా?" ఈ రెండో ప్రశ్నకు ఆ పిల్లలకు పనికొచ్చే జవాబు నా దగ్గర లేదు. అది ఇవ్వగలిగింది మీరే కాబట్టి ఈ లేఖ రాస్తున్నాను.

అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. సంక్షేమ హాస్టల్‌కు అన్ని అర్హతలూ ఉండి, వేళకు దరఖాస్తు పెట్టుకుని, సీట్లు నిండిపోయాయన్న ఒక్క కారణంతో వెనక్కి వచ్చిన విద్యార్థికి ఆ సీటు మీద ప్రభుత్వం పెట్టే ఖర్చును నెలనెలా అతని ఖాతాలో, ఆమె ఖాతాలో వేయండి. ఆ డబ్బుతో వాళ్లు బయట ఎక్కడో ఒకచోట తలదాచుకుని చదువుకుంటారు.

దూరం నుంచి చూసేవారికి డిగ్రీ చదువంటే ఫీజే పెద్ద ఖర్చు అనిపిస్తుంది. మా పిల్లల విషయంలో అది నిజం కాదు. ప్రభుత్వ కాలేజీలో బీఏ, బీకాం ఫీజు ఏడాదికి కొన్ని వేలు మాత్రమే. దాన్ని కూడా ఫీజు రీయింబర్స్‌మెంట్ భరిస్తుంది. కానీ దిల్‌సుఖ్‌నగర్‌లోనో, నారాయణగూడలోనో, అమీర్‌పేటలోనో నలుగురైదుగురు ఉండే గదిలో ఒక మంచం, రెండు పూటల భోజనం కావాలంటే నెలకు ఐదారు వేలు తక్కువ కాదు. చేరేటప్పుడు అడ్వాన్సు కట్టాలి. ఖాళీ చేసేటప్పుడు మెయింటెనెన్స్ పేరుతో అందులో కొంత కోసుకుంటారు. నెలకు ఆరు వేలు అనుకున్నా పది నెలలకు 60,000 అవుతుంది. మీ శాఖ నిబంధనల ప్రకారం పల్లెటూరి బీసీ కుటుంబం స్కాలర్‌షిప్‌కు అర్హత పొందాలంటే ఏడాది ఆదాయం లక్షన్నర దాటకూడదు. లక్షన్నరలో 60,000 ఒక్క బిడ్డ మంచానికి, తిండికి పోతే మిగతా ఇల్లు ఎలా గడుస్తుంది?

అందుకని పిల్లలు ఏవో దారులు వెతుక్కుంటారు. మగపిల్లలు సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా ఫుడ్ డెలివరీ చేస్తారు, బైక్ ట్యాక్సీ నడుపుతారు, ఫంక్షన్ హాళ్లలో క్యాటరింగ్‌కు వెళ్తారు. పొద్దున మొదటి పీరియడ్‌కు రాలేరు. వచ్చినా బెంచీ మీద తల వాల్చి నిద్రపోతారు. నేను లేపను. స్కాలర్‌షిప్ నిలవాలంటే 75 శాతం హాజరు ఉండాలి. అద్దె కోసం పనికి పోతే హాజరు పడిపోతుంది, హాజరు పడిపోతే ఫీజు ఆగిపోతుంది. ఫుల్ టైమ్ విద్యార్థి అని సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేది నేనే కాబట్టి ఆ పిల్లవాడు నిజానికి ఎన్ని గంటలు చదువుతున్నాడో కూడా నాకు తెలుసు.

ఆడపిల్లల సంగతి ఇంకో రకం. 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలయ్యాక గది అద్దె భరించలేని చాలామంది అమ్మాయిలు రోజూ ఇంటి నుంచే వచ్చిపోతున్నారు. ఆ పథకమే లేకపోతే వారిలో కొందరు చదువు మానేసేవారని నేను గట్టిగా నమ్ముతాను. దాని మేలు తక్కువ చేసి చెప్పను. కానీ భువనగిరి నుంచి, షాద్‌నగర్ నుంచి తెల్లవారుజామునే బయల్దేరి, చీకటి పడ్డాక ఇల్లు చేరే అమ్మాయి పుస్తకం పట్టేదెప్పుడు? ఇక ఆదిలాబాద్, ఆసిఫాబాద్, గద్వాల, భద్రాచలం వైపు నుంచి వచ్చేవాళ్లకు ఆ వీలు కూడా లేదు. హాస్టల్ దొరకలేదంటే "ఇక్కడనే ఏదో ఒకటి చదువు" అంటారు ఇంట్లో. ఆ తరువాత పెళ్లి మాట వస్తుంది.

హాస్టల్ కోసం ఆడపిల్లలు ఎంత ఆరాటపడతారో 2022 నవంబర్‌లో ఈ నగరమంతా చూసింది. నిజాం కాలేజీలో కొత్తగా కట్టిన హాస్టల్‌ను పీజీ వారికి కేటాయిస్తామంటే డిగ్రీ అమ్మాయిలు రోజుల తరబడి ధర్నా చేశారు. చివరికి ప్రభుత్వం దిగివచ్చి డిగ్రీ వారికి ఇచ్చింది. వాళ్లు అడిగింది ఉండటానికి ఒక గది.

ఇప్పుడు న్యాయం సంగతి చెప్పాలి. 2024 చివర్లో ప్రభుత్వం హాస్టల్ పిల్లల భోజనానికి ఇచ్చే డైట్ చార్జీలను 40 శాతం పెంచింది. ఇంటర్ నుంచి పీజీ దాకా చదివేవారికి నెలకు 1,500 ఉన్నది 2,100 అయింది. ఎన్నో ఏళ్లుగా అడుగుతున్న పెంపు అది. మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. అయితే ఒకే ఊరి నుంచి, ఒకే ఆదాయంతో, దాదాపు అవే మార్కులతో వచ్చిన ఇద్దరిలో సీటు దొరికినవారికి నెలకు 2,100 తిండికే అందుతుంది. దానిపైన గది, కరెంటు, నీళ్లు, వార్డెన్. సీటు దొరకనివారికి వీటిలో ఒక్కటీ లేదు. వాళ్లకు మిగిలేది స్కాలర్‌షిప్ కింద సొంత ఖర్చులకు ఇచ్చే మెయింటెనెన్స్ ఫీజు, మా భాషలో ఎంటీఎఫ్. అది ఎంత చిన్న మొత్తమో తెలియాలంటే ఎస్సీ విద్యార్థులకు కేంద్రం సవరించిన పోస్ట్‌మెట్రిక్, అంటే పదో తరగతి తరువాతి చదువుల స్కాలర్‌షిప్ రేట్లు చూడండి. మామూలు డిగ్రీ కోర్సుల్లో హాస్టల్‌లో ఉండేవారికి ఏడాదికి 6,000, హాస్టల్‌లో ఉండని డేస్కాలర్‌కు 3,000. అంటే నెలకు 250 రూపాయలు. హైదరాబాద్‌లో ఆ డబ్బుకు గది కాదు కదా, మూడు నాలుగు భోజనాలు కూడా రావు.

పాత స్కాలర్‌షిప్ నిబంధనల్లో ఒక మంచి వెసులుబాటు ఉండేది. కాలేజీ వసతి ఇవ్వలేనప్పుడు కనీసం ఐదుగురు విద్యార్థులు కలిసి ఒకచోట ఉండి, ఒకే మెస్‌లో తింటుంటే దాన్ని హాస్టల్‌గా గుర్తించవచ్చని రాశారు.  దీన్ని రాసినవాళ్లు పిల్లల అవసరాన్ని సరిగ్గానే పట్టుకున్నారు. కానీ ప్రిన్సిపాల్ వెళ్లి చూసి ధ్రువీకరించాలి, బాధ్యత నెత్తిన వేసుకోవాలి అన్నారు. అందుకే చాలామంది ఆ జోలికి పోలేదు. ఆ వెసులుబాటు ఒకటి ఉండేదని పిల్లలకు తెలియనే తెలియదు.

పక్క రాష్ట్రాల్లో ఈ పని ఎప్పుడో మొదలైంది. కర్ణాటక విద్యాసిరి పథకం పెట్టి, హాస్టల్ సీటు దొరకని బీసీ విద్యార్థులకు నెలకు 1,500 చొప్పున పది నెలలు ఇచ్చింది. ఈనాటి అద్దెలకు అది చాలదు. కానీ సీటు ఇవ్వలేకపోయినప్పుడు ఆ లోటు ప్రభుత్వమే పూడ్చాలన్న బాధ్యతను ఆ రాష్ట్రం ఒప్పుకుంది. మహారాష్ట్ర ఇంకా ముందుకు వెళ్లింది. అక్కడి స్వాధార్ పథకంలో ప్రభుత్వ హాస్టల్ దొరకని ఎస్సీ విద్యార్థికి ముంబై, పుణె వంటి నగరాల్లో చదివితే ఏడాదికి 60,000 దాకా వస్తుంది. అందులో 32,000 భోజనానికి, 20,000 వసతికి, మిగతా 8,000 ఇతర ఖర్చులకు. ఊరు చిన్నదైన కొద్దీ మొత్తం తగ్గుతుంది. తరువాత ఓబీసీలకు కూడా సావిత్రీబాయి ఫులే పేరుతో ఇలాంటిదే తెచ్చారు. నగరాన్ని బట్టి అద్దె మారుతుందన్న ఇంగితం ఆ పథకంలో నాకు బాగా నచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో వసతి దీవెన మొదలైనప్పుడు ఐటీఐ వారికి 10,000, పాలిటెక్నిక్ వారికి 15,000, డిగ్రీ, ఆపై చదువులకు 20,000 చొప్పున ఏటా రెండు విడతలుగా తల్లుల ఖాతాల్లో వేశారు. ఏ పార్టీ ఏం చేసిందన్న చర్చలోకి నేను వెళ్లను. ఇవన్నీ మన పొరుగు రాష్ట్రాలే. మన బడ్జెట్‌కు అసాధ్యమైన పనులు కావు.

ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మన విశ్వవిద్యాలయాల్లోనే ఉంది. యూజీసీ జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ వచ్చినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 ఇస్తున్నారు. దానిపైన, హాస్టల్ కేటాయించకపోతే ఇంటి అద్దె భత్యం కూడా ఇస్తారు. హాస్టల్ ఇస్తే భత్యం లేదు, ఇవ్వకపోతే భత్యం ఉంది. ఎంత సూటిగా ఉందో చూడండి. నెలకు 37,000 అందుకునే పరిశోధక విద్యార్థికి వర్తించే ఈ సూత్రం నెలకు నాలుగంకెల డబ్బు కళ్లజూడని డిగ్రీ విద్యార్థికి ఎందుకు వర్తించకూడదు?

కొత్త హాస్టళ్లు కడతాం కదా అని మీరు అనవచ్చు. తప్పకుండా కట్టండి. హాస్టల్‌కు సాటి వచ్చేది గది అద్దె కాదని నాకూ తెలుసు. కానీ భవనం లేచేలోగా మూడేళ్ల డిగ్రీ అయిపోతుంది. అద్దె భవనాల్లో నడిపే కష్టం కూడా ప్రభుత్వానికి తెలియనిది కాదు. 2024 అక్టోబర్‌లో బకాయిలు రాలేదని యజమానులు గురుకులాల గేట్లకు తాళాలు వేసిన సంగతి రాష్ట్రమంతా చూసింది. ప్రభుత్వం బాకీ పడితేనే తాళం వేసే యజమాని, పద్దెనిమిదేళ్ల పిల్లవాడు రెండు నెలలు ఆగమంటే ఆగుతాడా?

పథకం ఎలా ఉండాలన్న దానిలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇక్కడే చెప్పాలి. దయచేసి దీన్ని రీయింబర్స్‌మెంట్ పద్ధతిలో పెట్టకండి. ఫీజుల బకాయిల కోసం 2025 నవంబర్‌లో ప్రైవేటు కాలేజీలు బంద్ పాటించాయి. కాలేజీ అయితే గొడవ పడుతూ అయినా ఏడాది ఆగుతుంది. హాస్టల్ ఓనరు ఐదో తారీఖు దాటితే ఆగడు, సామాను బయట పెడతాడు. మహారాష్ట్రలోనూ పథకం మంచిదే అయినా డబ్బు ఆలస్యంగా పడుతోందని విద్యార్థులు రోడ్డెక్కారు. మొత్తం కాస్త తక్కువైనా ఫర్వాలేదు, నెల మొదట్లో పడాలి. మొదటి విడత జూలై, ఆగస్టుల్లోనే రావాలి. అడ్వాన్సు కట్టాల్సింది అప్పుడే.

రుజువుల విషయంలో కూడా ఒక విన్నపం. నగరంలో చాలా ప్రైవేటు హాస్టళ్లు రసీదు ఇవ్వవు. అద్దె ఒప్పందం అంటే అసలు చేర్చుకోరు. నోటరీ అగ్రిమెంటు తెమ్మంటే ఆ ఖర్చూ పిల్లల మీదే పడుతుంది. హాజరు లెక్క మా దగ్గర ఉంది. ఇంటి చిరునామా, కాలేజీ చిరునామా మధ్య దూరం స్కాలర్‌షిప్‌కు ఆన్‌లైన్‌లో పెట్టే ఈపాస్ దరఖాస్తులోనే తెలుస్తుంది. హాస్టల్‌కు దరఖాస్తు చేసి సీటు పొందనివారి జాబితా మీ శాఖ దగ్గరే ఉంటుంది. ఈ మూడూ చాలు. మార్కుల షరతు పెట్టవద్దు. ఉండటానికి చోటు లేక మార్కులు తగ్గినవాళ్లకే ఇది ఎక్కువ అవసరం.

ప్రైవేటు హాస్టల్ వసతి విద్యార్థుల కనీస అవసరమని కేంద్రమే ఒక విధంగా ఒప్పుకుంది. ఇలాంటి హాస్టళ్లు ఇల్లు కిందకు రావని, 12 శాతం జీఎస్టీ కట్టాలని 2023లో బెంగళూరులో పన్ను అధికారుల ముందస్తు తీర్పు (అడ్వాన్స్ రూలింగ్) వచ్చినప్పుడు పిల్లలు టెన్షన్ పడ్డారు. 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్, కనీసం 90 రోజులు ఉండేవారికి నెలకు 20,000 దాకా ఉన్న వసతి చార్జీలను పన్ను నుంచి తప్పించింది. పన్ను తప్పింది. అద్దె మాత్రం అలాగే ఉంది.

ఈ నగరానికి పల్లె నుంచి చదువుకోవడానికి వచ్చిన పిల్లవాడికి తలదాచుకునే చోటు కావాలన్న ఆలోచన ఇప్పటిది కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడిన 1918లోనే రాజాబహదూర్ వెంకటరామారెడ్డి గారి చొరవతో రెడ్డి హాస్టల్ వెలిసింది. తరువాత ఒక్కో కులం వారు తమ పిల్లల కోసం హాస్టళ్లు పెట్టుకున్నారు. అక్కడ ఉండి చదువుకున్నవారే ఆ తరువాత తెలంగాణను నడిపించారు. కానీ డబ్బూ పలుకుబడీ ఉన్న పెద్దలు లేని కులాలకు అలాంటి హాస్టళ్లు లేవు. ఉన్నవాటిలో అందరికీ చోటు లేదు. సంక్షేమ శాఖ పుట్టింది ఆ లోటు తీర్చడానికే కదా.

మంత్రి గారూ, ముందు ఒక్క పని చేయండి. ఈ విద్యా సంవత్సరం పోస్ట్‌మెట్రిక్ హాస్టళ్లకు ఎంతమంది దరఖాస్తు చేశారు, ఎంతమందికి సీటు వచ్చింది, ఎంతమందికి రాలేదు, జిల్లాల వారీగా ఆ లెక్క బయటపెట్టండి. ఖర్చు ఎంతవుతుందో అప్పుడు ఊహలతో మాట్లాడుకోవాల్సిన అవసరం ఉండదు. ఆ లెక్కను ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ సంక్షేమ శాఖల లెక్కలతో కలిపి ఆర్థిక శాఖ ముందు పెట్టండి. ఒకేసారి అందరికీ ఇవ్వలేకపోతే హైదరాబాద్, వరంగల్‌లలో చదివే దూరపు జిల్లాల ఆడపిల్లలతో మొదలుపెట్టండి. వచ్చే జూన్‌లో ఈపాస్ తెరిచేనాటికి హాస్టల్ సీటు దొరకలేదు, వసతి భత్యం కావాలి అని టిక్ పెట్టే గడి ఒకటి ఆ దరఖాస్తులో ఉండేలా చూడండి. దాన్ని నింపించే బాధ్యత మా లెక్చరర్లది.

ఇట్లు,
హైదరాబాద్‌లోని ఒక డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలు