ముందు కృష్ణా నీటిని కొలవండి

సంపాదకుడు గారికి,

పది రోజుల కిందట ఆంధ్ర, తెలంగాణల కృష్ణా జలాల తగాదాకు గేమ్ థియరీని, అంటే ఎదుటివారి ఎత్తును బట్టి మన ఎత్తు లెక్కగట్టే గణితాన్ని, అన్వయిస్తూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివినప్పటి నుంచి మనసు కుదురుగా లేదు. అవతలివారు ఎంత తోడుకుంటారో తెలియనప్పుడు ఎవరికి వారు ముందే తోడుకోవడం తెలివైన ఎత్తని రచయిత తేల్చారు. లెక్క తప్పు కాదు, నేనూ ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పినవాణ్ణే. కానీ ఎందుకు తెలియదు?

వాన సంగతి ఎవరికీ తెలియదు. అందుకే కృష్ణా జలాల వివాదం తేల్చిన బచావత్ ట్రైబ్యునల్ 100 ఏళ్లలో 75 ఏళ్లు తప్పక వచ్చే 2060 టీఎంసీలనే మహారాష్ట్ర, కర్ణాటక, ఉమ్మడి ఆంధ్రలకు పంచింది. పోతిరెడ్డిపాడు తూముల నుంచి ఆంధ్రకు ఎంత వెళ్లింది, శ్రీశైలం ఎడమ గట్టున తెలంగాణ కరెంటుకు ఎంత వదిలింది అన్నవి వాన లాంటివి కావు. కొలిస్తే తెలుస్తాయి. ఇద్దరూ ఒప్పుకునే కొలత కోసం తలపెట్టిన టెలిమెట్రీ (నీటి ప్రవాహాన్ని యంత్రాలే కొలిచి అంకెలు పంపే ఏర్పాటు) రెండో దశ ఏళ్ల తరబడి కాగితాల్లోనే నానింది. 2015లో ఒక్క ఏడాదికని రాసుకున్న, ఆంధ్రకు 512, తెలంగాణకు 299 టీఎంసీల పంపకం ఏటేటా సాగింది. చివరికి 2023లో, తెలంగాణ పోలింగ్ నాడు, నాగార్జునసాగర్ డ్యామ్ మీద ముళ్లకంచె వెలిసింది. రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. సిగ్గుతో తల దించుకున్నాను.

మాది సాగర్ ఎడమ కాలువ చివర, తిరువూరు వైపు. నీళ్లు తెలంగాణ దాటి రావాలి. మా మేజరు (పెద్ద పిల్లకాలువ) తూము దగ్గర నీటిమట్టం చూపే గేజి మీద అంకెలు చెరిగిపోయిన మూడేళ్లూ వారబందీ (వంతులవారీ నీటి పంపకం) ఒక్క తడికీ సరిగా సాగలేదు. పైవాళ్లు రాత్రిళ్లు తూము ఎత్తేవాళ్లు, మావాళ్లు గడ్డపారలతో కాపలా కాసేవాళ్లు. ఒక వేసవిలో కాలువ చూసుకునే లస్కరు గేజికి తెల్లరంగు వేసి, దానిమీద నల్లగా అంకెలు దిద్దాడు. ఆ ఏడు నీళ్లేమీ ఎక్కువ రాలేదు. కొట్లాట మాత్రం ఆగింది. రాత్రి ఎవరు తూము ఎత్తినా పొద్దున్నే అంకె చెప్పేస్తుంది మరి.

నాలుగెకరాల వరికి పాసుపుస్తకం, ఆధార్, పొలంలో ఫొటో, వేలిముద్ర అడిగే అధికారులు నదిని కొలవమంటే మాత్రం ఏళ్లు గడిపేస్తారు. ఇదేం పరిపాలన?

జలాశయాల నీటిమట్టాలు మీరు రోజూ వేస్తారు. వాటి పక్కనే ఎవరు ఎంత తోడారో కూడా వేయండి. అంకెలు ఇవ్వమని రెండు ప్రభుత్వాలనూ అడగండి. ఇవ్వకపోతే ఆ గడి ఖాళీగా ఉంచి, ఎవరివ్వలేదో రాయండి.

— ఒక ఆయకట్టు రైతు, విశ్రాంత ఉపాధ్యాయుడు
తిరువూరు