చిన్నబాబుకి, పేజ్‌మేకర్ సంగతి

అమలాపురం

చిరంజీవి చిన్నబాబుకి అమ్మ ఆశీస్సులు.

"కొత్త సిస్టం పంపినా ఇంకా స్లోనేనా అమ్మా?" అని ఫోన్లో విసుక్కున్నావు. షాపులో జనం ఉండి వివరంగా చెప్పలేకపోయాను. నువ్వు పంపినదానికి వంక పెట్టడానికేం లేదు నాన్నా. పదహారు జీబీ ర్యామ్, ఎనిమిది కోర్లు (లోపల పని చేసే మెదళ్లనుకో), ఆన్ చేస్తే చిటికెలో తెరుచుకుంటోంది. ఆ తర్వాత శుభలేఖలూ కరపత్రాలూ కూర్చడానికి నేను తెరిచేది మాత్రం 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7 ప్రోగ్రాం. అప్పట్లో షాపుల్లోకి వచ్చే కంప్యూటర్లకి ఒక్కటే కోర్. రెండు కోర్లవి 2005లో గానీ రాలేదు. అందుకే ఇప్పుడు ఎనిమిదిచ్చినా అది ఒక్కదాని మీదే బరువంతా వేస్తుంది. పాత పద్ధతి 32 బిట్ ప్రోగ్రాం కాబట్టి మామూలుగా రెండు జీబీ మెమరీ దాటి వాడుకోనూ లేదు. కాలువ ఎంత నిండుగా పారినా చేలోకి వచ్చేది బోదె పట్టినంతే కదా.

మాక్ కొందామన్నావు. పేజ్‌మేకర్ మాక్ వెర్షన్ పాత ఓఎస్ 9 కోసం చేసింది. ఓఎస్ టెన్‌లో క్లాసిక్ అనే ఏర్పాటు మీద కొన్నాళ్లు నడిచింది గానీ, 2006లో ఇంటెల్ చిప్పుల మాక్‌లు వచ్చాక వాటిలో ఆ దారీ లేదు. 2019లో కాటలీనా అనే కొత్త మాక్ ఓఎస్ వచ్చి 32 బిట్ ప్రోగ్రాములన్నిటినీ ఆపేసింది. లైనక్స్‌లో, విండోస్ ప్రోగ్రాములని నడిపించే వైన్ పెట్టి నడిపినా లోపలుండేది అదే 2001 నాటి సరుకు. పాతవాటిని ఇంతకాలం మోస్తున్నది విండోసే, పాపం. దానికీ హద్దుంది. డాస్ నాటి మన బిల్లుల ప్రోగ్రాం ఈ 64 బిట్ విండోస్‌లో అసలు తెరుచుకోలేదు.

నిజానికి నన్ను ఎక్కువ సతాయించేది స్పీడు కాదు. అంతర్వేది తీర్థం కరపత్రానికి మేటర్ వాట్సాప్‌లో యూనికోడ్ తెలుగులో, అంటే ఫోన్లన్నీ చదవగలిగే పద్ధతిలో వస్తుంది. పేజ్‌మేకర్‌కి యూనికోడ్ తెలియదు. మనం వాడే 'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. కన్వర్టర్‌లో వేసి తెస్తే ఎక్కడో ఒక ఒత్తు ఎగిరిపోతుంది, మళ్లీ మొత్తం ప్రూఫు చూడాలి. ఇక్కడి మేటర్ కాపీ చేసి ఫోన్‌కి పంపితే అవతలివాళ్లకి ఏవో ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కనిపిస్తాయి. తమాషా ఏంటంటే, గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంటుతో విండోస్ ఎక్స్‌పీ వచ్చింది కూడా ఆ 2001లోనే!

మరి వదిలెయ్యొచ్చుగా అంటావు. అన్న పెళ్లికి వేసిన శుభలేఖే తమ్ముడి పెళ్లికీ కావాలని వస్తారు. పేర్లు, ముహూర్తం మార్చి గంటలో ఇచ్చేస్తాను. ఆ ఫైళ్లు ఇంకెందులోనూ సరిగ్గా తెరుచుకోవు. అందుకని పాతవి పాతదాంట్లోనే ఉంచి, కొత్త పనులు ఈ మాఘం నుంచి యూనికోడ్‌లో, ఇన్‌డిజైన్ అనే కొత్త పేజీల ప్రోగ్రాం మీద మొదలుపెట్టాను. వేళ్లు ఇంకా పాత కీబోర్డు లేఅవుట్ వదలడం లేదు. పెళ్లిళ్ల సీజన్లో కాస్త టెన్షన్‌గానే ఉంది.

మాక్ మాట ఇక ఎత్తకు. ఉగాదికి వచ్చేటప్పుడు ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ పట్టుకురా. పాత సిస్టంలోవన్నీ అందులోకి ఎక్కించి, ఎక్కువమంది అడిగేవాటికి పీడీఎఫ్‌లు కూడా చేసి పెడదాం.

అమ్మ