మంత్రిగారూ, మా మేష్టారి గది ఎక్కడ?

మంత్రిగారికి బరంపురం నుంచి నమస్కారాలు.

ఒడియాలో రాసిన వినతిపత్రాలన్నీ తమరి ఆఫీసుకు చేరాయి. చేరినట్టు స్టాంపులు కూడా వేసిచ్చారు. స్టాంపు వెయ్యడంలో మాత్రం ఎవరూ లోటు చెయ్యలేదు. అందుకే ఈసారి తెలుగులో రాస్తున్నాను. తమరు చదవకపోయినా మా పెద్దబజారులో నలుగురైనా చదువుతారు.

సంగతి తమరికి తెలిసిందే. సన్మానం రోజు, మాకు బొమ్మలు వెయ్యడం నేర్పిన మేష్టారికి శాలువా కప్పి, మైకులో "మీ బొమ్మలకు గది నేనిప్పిస్తాను" అన్నారు చూడండి, ఆ గది గురించే.

శాలువా బాగానే ఉంది. బొమ్మలే పోతున్నాయి. గోపాల్‌పూర్ ఉప్పుగాలికి కిటికీ చువ్వలే తుప్పుపట్టి రాలిపోతాయి, రేకుల షెడ్డులో పెట్టిన కాగితాలు ఏం ఆగుతాయి? పోయిన వానల్లో ఒక కట్ట విప్పితే బొమ్మలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. పైదాన్ని లాగితే, కిందిదాంట్లో ఉన్న ముసలమ్మ చెవి, చెవికున్న కమ్మతో సహా ఊడి పైకాగితం వెనక్కి వచ్చేసింది. మేష్టారు దాన్నే వెలుతురులో పెట్టి చూసి "ఇదీ బాగుందిరా" అన్నారు. ఆయన ధోరణి అంత. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

ఆయన వేసే బొమ్మలు తమరి అధికారులకు మొదటినుంచీ మింగుడుపడలేదు. గోపాల్‌పూర్ పాత రేవు తాలూకు స్తంభాలు. మావాళ్ళు ఒకప్పుడు రంగూను కూలికి ఓడెక్కింది ఆ రేవులోనే కదా. కప్పు కూలిన బంగళాలు, 2013లో ఫైలిన్ తుపాను కొట్టాక ఎవరూ ఎత్తని గోడలు. బరంపురంలో మగ్గం గుంటలు పూడ్చేసుకున్న పెంకుటిళ్ళు, ఆ అరుగుల మీద పనిలేక కూర్చున్న ముసలి నేతగాళ్ళు. పెచ్చు ఊడిన గోడ కనిపిస్తే ఆయనకు కాళ్ళాడవు. పైన ఆకుపచ్చ, దాని కింద నీలం, ఇంకా కింద జేగురు. ఎవరి పెళ్ళికి ఏ రంగు కొట్టారో పక్కింటివాళ్ళను అడిగి మరీ తెలుసుకుంటారు. రాలిన సున్నాన్నే నూరి, తుమ్మజిగురులో కలిపి అదే గోడ బొమ్మకు పూస్తారు.

తనిఖీకి వచ్చిన ఆఫీసరుగారు ఇదంతా చూసి, "ఇంత దరిద్రం ఎందుకండీ? తాబేళ్ళు వెయ్యండి, కోణార్క చక్రం వెయ్యండి, టూరిస్టులు ఫొటోలు దిగుతారు" అని సలహా ఇచ్చి వెళ్ళారు. తాబేళ్ళ మీద మాకేం కక్ష లేదు సార్. ఋషికుల్య నది మొగలో అవి గుడ్లు పెట్టడానికి వస్తే మేమూ వెళ్ళి చూసొస్తాం. కానీ డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ తాను చనిపోయిన 1669లో కూడా కండ జారిపోయిన తన ముఖాన్నే వేసుకున్నాడు. ఆ ఏటి బొమ్మల్లో ఒకటి లండన్‌లో, ఒకటి హేగ్‌లో భద్రంగా ఉన్నాయి. ఆయన్ను తాబేళ్ళు వెయ్యమని ఎవరూ అన్నట్టు లేదు.

నా సంగతీ చెప్పాలి. మేష్టారి దగ్గర బొమ్మ నేర్చుకుని బోర్డులు రాసేవాణ్ణి, ఇప్పుడు ఫ్లెక్సీల దుకాణం. తమరి పుట్టినరోజు ఫ్లెక్సీలు నా దగ్గరే వేయిస్తారు. తమరి బుగ్గల మీద ముడతలు కంప్యూటర్లో తుడిచేసేది నేనే. అదే ముడత మేష్టారికి కనిపిస్తే కుంచె పట్టుకుని కూర్చుంటారు. ఇప్పుడు ఆయన చెయ్యే వణుకుతోంది, ఆ చేతినే వేస్తున్నారు. వణికిన గీతను సరిచెయ్యనివ్వరు.

గది ఒకసారి చూపించారండీ, లేదనను. తాళం తీస్తే లోపల విరిగిన కుర్చీలు, పాత బ్యానర్లు. అవి ఖాళీ చేయించాక ఇస్తామన్నారు. ఆ కుర్చీలకు ఈనాటికీ మేష్టారి బొమ్మలకంటే మంచి కప్పుంది. తర్వాత కళాకారుడని గుర్తింపు కాగితం అడిగారు, ఇచ్చాం. బొమ్మలకు విలువ కట్టించుకు రమ్మన్నారు, ఎవరు కడతారో చెప్పలేదు. ఇంతలో ఇంజనీరుగారికి బదిలీ. కొత్తాయన ఫైలే కనపడటం లేదన్నారు. మళ్ళీ మొదటినుంచి రాయమన్నారు. రాశాం. స్టాంపు వేశారు.

1943 బెంగాల్ కరువులో చిత్రకారుడు చిత్తప్రసాద్ వేసిన ఆకలి బొమ్మల పుస్తకాన్ని తెల్లవాళ్ళు జప్తుచేసి తగలబెట్టారు. బొమ్మలంటే వాళ్ళకు భయమన్నా ఉండేది. తమరికి అంత శ్రమ కూడా లేదు, చెదలే చూసుకుంటున్నాయి.

కోపంలో ఏదో రాశాను, క్షమించాలి. దయచేసి ఒక్కసారి వచ్చి చూడండి. గ్యాలరీ వద్దు, ఏసీ వద్దు, శిలాఫలకం మీద పేరు తమరిదే వేసుకోండి. వాన కారని గది, గాలాడే కిటికీ, చెదలమందు. జూన్ దగ్గరికొచ్చేసింది సార్. ఇవ్వడం కుదరదంటే కుదరదని కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపండి. ఇచ్ఛాపురంలో మా బావగారి ధాన్యపు కొట్టు ఒకటి ఖాళీగా ఉంది, బొమ్మలన్నీ ఆటోలో వేసుకుని సరిహద్దు దాటించేస్తాను.

ఇట్లు,
మేష్టారి శిష్యుడు,
బరంపురం, గంజాం జిల్లా