పైపు ఆడితేనే కుట్టు నిలుస్తుంది

సంపాదకులు గారికి,

ఏటా మే 23న ప్రసూతి ఫిస్టులా నిర్మూలన దినం వస్తుంది. ఫిస్టులా అంటే మూత్రాశయానికీ యోనికీ మధ్య పడే రంధ్రం, దాంతో మూత్రం ఆగకుండా కారుతుంది. పత్రికల్లో ఆ రోజు ఎక్కువగా కనబడేది ఇథియోపియా రాజధాని ఆడిస్ అబాబాలో హామ్లిన్ దంపతులు 1974లో పెట్టిన ఆసుపత్రి, అక్కడి ఆపరేషన్లు. ఆ ఆసుపత్రి చేసిన మేలు చిన్నది కాదు. అయితే ఆపరేషన్‌కు ముందూ వెనకా జరగాల్సిన పనిని ఎవరూ పెద్దగా రాయడం లేదు.

బిడ్డ తల ఇరుక్కుని రెండు మూడు రోజులు నొప్పులు సాగితే, ఆ తలకూ తల్లి కటి ఎముకకూ మధ్య మూత్రాశయం నలుగుతుంది. రక్తం ఆడక అక్కడి కండ చచ్చిపోతుంది. అది ఊడిపడి రంధ్రం ఏర్పడేది కాన్పయిన మూడో రోజుకూ పదో రోజుకూ మధ్య. అందుకే మొదటి రోజు పొడిగా ఉన్న మనిషికి ఇంటికెళ్లాక మూత్రం కారడం మొదలవుతుంది. ఇలాంటి కాన్పుల్లో బిడ్డ దక్కేది అరుదు.

ఆ దశలో ఖరీదైనదేమీ అక్కర్లేదు. వెంటనే ఫోలీ కాథెటర్ (మూత్రాశయంలో ఉంచి మూత్రం బయటికి తీసే పైపు) వేసి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే చిన్న రంధ్రాలు కొన్ని వాటంతటవే పూడుకుంటాయి. 'మూడు నెలలాగి రా' అని పంపేసే పాత పద్ధతిని కాదని, నైజీరియాలోని కట్సినాలో డాక్టర్ కేస్ వాల్డైక్ చేసి చూపించింది ఇదే.

తడుస్తున్నామని ఈ ఆడవాళ్లు నీళ్లు మానేస్తారు. దాంతో మూత్రం చిక్కబడి తొడలు ఒరుసుకుపోతాయి, మూత్రాశయంలో రాళ్లు కడతాయి. రోజుకు నాలుగైదు లీటర్లు తాగాలి.

మొదటి ఆపరేషన్‌లో రంధ్రం మూసుకునే అవకాశం ఎక్కువ, మళ్లీ మళ్లీ చేసేకొద్దీ తగ్గుతుంది. థియేటర్లో చక్కగా పడిన కుట్టు కూడా వార్డులో విడిపోవచ్చు. పైపు మడతపడినా, తొడ కింద నలిగినా, రక్తపు గడ్డ అడ్డుపడినా మూత్రాశయం ఉబ్బి కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. మామూలు రంధ్రానికి ఏడు నుంచి పది రోజులు పైపు ఉంచాలి. సంచి మంచం కంటే కిందికి వేలాడాలి, మూత్రం నీళ్లలా తేటగా రావాలి. చుక్క ఆగి పక్క తడిసిందంటే డాక్టరు రౌండ్ దాకా ఆగకూడదు. అర్ధరాత్రి టార్చి వేసి ఆ చుక్కను చూసే నర్సు లేకపోతే ఎంత గొప్ప సర్జన్ ఉండీ లాభం లేదు.

మన దగ్గర ఆసుపత్రి కాన్పులు పెరిగి ఈ బాధ తగ్గింది, నిజమే. కానీ గర్భసంచి తొలగింపులు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో ఆంధ్ర, తెలంగాణ ముందున్నాయి, ఆ ఆపరేషన్ వల్లా ఫిస్టులా వస్తుంది. ఆపరేషన్ అయిన వారం రెండు వారాల్లో మూత్రం కారుతుంటే ఇన్ఫెక్షన్ అని మాత్రలిచ్చి పంపకండి. యోనిలో ఒకదాని వెనక ఒకటిగా మూడు గాజుగుడ్డ ఉండలు పెట్టి, పైపు ద్వారా మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు కలిపిన సెలైన్ మూత్రాశయంలోకి ఎక్కించి, కాసేపు నడిపించి తీసి చూడండి. లోపలిదో మధ్యదో నీలమైతే రంధ్రం మూత్రాశయానిది. లోపలిది తడిసీ రంగు అంటకపోతే కిడ్నీ నుంచి వచ్చే నాళం తెగిందని అనుమానించాలి. దానికి స్కాను, యూరాలజిస్టు వెంటనే కావాలి, లేకుంటే ఆ కిడ్నీయే దెబ్బతింటుంది.

— ప్రసూతి వార్డు నర్సులు కొందరు, విజయవాడ