క్రమబద్ధీకరణకు ముందు పిల్లర్లు చూడండి

సంపాదకులకు నమస్కారం.

జీ ప్లస్ టూకు (గ్రౌండ్ ఫ్లోరు, దానిపైన రెండంతస్తులు) ప్లాను తీసుకుని పైన మరో అంతస్తు, ఆపైన పెంట్‌హౌస్ లేపిన ఇళ్లు తిరుపతిలో కొత్త కాదు. 2007, 2015, 2019లో వచ్చిన బీపీఎస్‌లు (భవనాల క్రమబద్ధీకరణ పథకాలు) ఇలాంటివాటికి జరిమానా కట్టించుకుని సక్రమం చేయడానికే. స్కీము వచ్చిన ప్రతిసారీ రేటెంత, గడువెప్పుడు అన్నదే చర్చ. కింది పిల్లరు ఎంత బరువుకు వేశారో అడిగేవాళ్లు తక్కువ.

20×30 అడుగుల ఇల్లే తీసుకుందాం. ఐదంగుళాల శ్లాబు ఒక్కటే 17 టన్నులు దాటుతుంది. తొమ్మిదంగుళాల గోడలు, ప్లాస్టరింగ్, టైల్స్, మనుషులు, సామాన్లు కలిపితే ఒక్కో అంతస్తు సుమారు 60 టన్నులు. తొమ్మిది పిల్లర్లున్న ఇంట్లో మధ్య పిల్లరుకు అదనంగా పది టన్నుల దాకా పడుతుంది. పైన రెండంతస్తులకని వేసిన 9×9 అంగుళాల పిల్లరు మీదికి ఇది వచ్చి చేరుతుంది.

బలహీనత ఎక్కువగా దాగేది అతుకులో. తర్వాత కట్టుకుందామని మిద్దె మీద వదిలేసిన పిల్లరు కమ్ములు ఏళ్ల తరబడి వానకు తడిసి తుప్పుతో సన్నబడతాయి. 12 ఎంఎం కమ్మికి రెండడుగుల ల్యాపింగ్ (పాత కమ్మి, కొత్త కమ్మి పక్కపక్కన కలిసి ఉండే పొడవు) కావాలి, వదిలింది అడుగో అడుగున్నరో ఉంటుంది. మేస్త్రి దానికే కొత్త కమ్మి కట్టి, పాత కాంక్రీటు చెక్కకుండానే పోసేస్తాడు. ప్లాస్టరింగ్ అయ్యాక పైకి ఏమీ తెలియదు.

అనుమతి లేకుండా కట్టడం, తర్వాత సక్రమం చేయడం సోషలిస్టు పాలన పోయాక అల్బేనియాలోనూ జరిగింది. 1991 తర్వాత పల్లెల నుంచి వచ్చినవాళ్లు రాజధాని టిరానా శివార్లలో ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రాల భూముల్లో ఇళ్లు కట్టుకున్నారు. 2006 చట్టం యజమానుల స్వీయ ప్రకటనల ఆధారంగా క్రమబద్ధీకరణ మొదలుపెట్టింది. 2019 నవంబర్ 26న ఆ దేశంలోని డుర్రెస్ దగ్గర 6.4 తీవ్రతతో భూకంపం వచ్చి 51 మంది చనిపోయారు. ఆ తర్వాత అనుమతి లేని అంతస్తుల మీద చర్చ జరిగింది. జార్జియా రాజధాని ట్బిలిసిలో సోవియట్ అపార్టుమెంట్లకు జనం బయటి నుంచి విడి పునాదులతో గదులు అతికించుకున్నారు. పాత పునాది ఎప్పుడో కుదురుకుని ఉంటుంది, కొత్తది ఇంకా దిగుతుంది, అతుకు దగ్గర పగులు వస్తుంది. సెట్‌బ్యాక్‌లో (ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగాలో) గది కలుపుకునే మన అలవాటుకూ ఇదే వర్తిస్తుంది.

నేల సంగతి మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2021 నవంబర్ వానలకు ఎం.ఆర్.పల్లి శ్రీకృష్ణ నగర్‌లో భూమిలోని నీళ్ల సంపు వరలతో సహా పైకి లేచింది, పక్క ఇళ్లు బీటలు వారాయి.

కాబట్టి ఇకపై ఏ స్కీములోనైనా ఇంజినీరు సర్టిఫికెట్‌తోపాటు పరీక్షల ఫలితాలూ జత చేయించాలి. మూల పిల్లరు, మధ్య పిల్లరు పక్కన గుంత తీసి ఫుటింగు (పిల్లరు కింది పునాది దిమ్మ) సైజు, లోతు కొలవాలి. ప్లాస్టరు చెక్కి, కాంక్రీటు గట్టిదనం కొలిచే రీబౌండ్ హ్యామర్‌తో కొట్టి చూడాలి. అది పైపొర గట్టిదనమే చెబుతుంది, పాత కాంక్రీటుకు ఉన్నదానికంటే ఎక్కువే చూపిస్తుంది. అనుమానం ఉంటే కోర్ (పరీక్షకు డ్రిల్లుతో కోసి తీసే కాంక్రీటు ముక్క) తీయక తప్పదు. మూడో అంతస్తు నేల దగ్గర పిల్లరు అడుగు చెక్కితే ల్యాపింగ్ ఎంతుందో బయటపడుతుంది.

ఫెయిలైన ప్రతి ఇంటినీ కూల్చమని కాదు. పిల్లరు చుట్టూ నాలుగేసి అంగుళాల జాకెటింగ్ (కొత్త కమ్ములు కట్టి కాంక్రీటు తొడుగు పోయడం) చేయవచ్చు, అయితే అది ఫుటింగు నుంచే లేవాలి. గచ్చు మీద నుంచి మొదలుపెడితే ఖర్చు దండగ. అంత స్తోమత లేనివాళ్లు పెంట్‌హౌస్ ఇటుక గోడలు తీసేసి రేకులు వేసుకోవచ్చు, వాటర్ ట్యాంకును కిందికి దించవచ్చు. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. ఇలా బరువు తగ్గించుకున్నవారికి జరిమానాలో రాయితీ ఇస్తే చాలామంది ముందుకొస్తారు.

— ఒక సివిల్ ఇంజినీరు, తిరుపతి